తెర వెనుక పటం

(ప్రవేశిక: కంప్యూటర్ తెర మీద ఒక బొమ్మ కనిపించగానే అది అక్కడే పుట్టిందని మనం భావిస్తాం. నిజానికి చక్కగా రాసిన ప్రోగ్రాములలో బొమ్మ ముందుగా యంత్రపు మెమొరీలో, ఎవరి కంటికీ కనబడని చోట రూపుదిద్దుకుంటుంది. ఆ అదృశ్య చిత్రలేఖనాన్ని గురించి, అది లేకపోతే కలిగే నష్టాన్ని గురించి ఒక అధ్యాపకుడు తన అనుభవంతో వివరించిన పాఠమిది.)

కూచిపూడి భాగవతుల ప్రదర్శనలో ముఖ్యపాత్ర రంగం మీదికి రావడానికి ముందు ఇద్దరు మనుషులు ఒక తెరను పట్టుకొని నిలబడతారు. భామాకలాపంలోనైతే సత్యభామ ఆ తెర వెనుక నిలిచి మొదట తన జడను మాత్రమే తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. తరువాత తెర తొలగుతుంది. సర్వాలంకార శోభితమైన పాత్ర ఒక్కసారిగా ప్రేక్షకుల కళ్ళ ముందు నిలుస్తుంది. గజ్జెలు కట్టుకోవడం, జడ అల్లుకోవడం, ముఖానికి రంగు పూసుకోవడం ఎవరూ చూడరు. చూడవలసిన అవసరమూ లేదు.

కంప్యూటర్‌లో మనం చూసేదానికే తెర అని పేరు. అయినా ఇక్కడ కూడా సన్నాహమంతా తెర వెనుకనే జరగాలి. ఈ సంగతి నాకు పుస్తకం చదివినప్పుడు తెలియలేదు. ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న వల్ల తెలిసింది.

2003లో నేనొక జూనియర్ కళాశాలలో కంప్యూటర్ ప్రయోగశాల బాధ్యత చూసేవాణ్ణి. పిల్లలు బొమ్మలు గీసుకోవడానికి పనికివస్తుందని సి ప్లస్ ప్లస్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. మౌసును నొక్కి పట్టుకొని కదిలిస్తే గీత పడుతుంది, రంగులు మార్చుకోవచ్చు, అంతే. అది పనిచేయడం చూసి కొంత గర్వపడ్డాను కూడా. వార్షికోత్సవ ప్రదర్శన కోసం రెండో సంవత్సరం విద్యార్థిని ఒకామె అందులో గోదావరి పటాన్ని గీయడం మొదలుపెట్టింది. బాసర దగ్గర ప్రారంభించి, భద్రాచలం, పాపికొండలు దాటించి, ధవళేశ్వరం దిగువన నదిని పాయలుగా చీల్చి, అంతర్వేది దాకా తెచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ సమయంలో పక్కనున్న మిత్రురాలు సమయం చూద్దామని గడియారం కిటికీని తెరిచింది. అది పటం మధ్యలో తెరుచుకుంది. దాన్ని మూసివేయగానే సరిగ్గా ఆ కిటికీ ఉన్నంత మేర, కొలిచి కత్తిరించినట్లుగా, తెల్లని దీర్ఘచతురస్రం మిగిలింది. భద్రాచలం లేదు. పాపికొండలు లేవు. నది ఒక అంచున మాయమై మరో అంచున తేలుతోంది.

"సార్, నేను గీసింది ఎక్కడికి పోయింది?" అని ఆ అమ్మాయి అడిగింది.

యంత్రం పాతదైపోయిందనీ, మళ్ళీ గీసుకోమనీ చెప్పాను. ఆ జవాబు తప్పు. యంత్రం దోషమేమీ లేదు. ఆమె గీసిన బొమ్మ ఎక్కడికీ పోలేదు. అసలు అది ఎక్కడా లేదు. తెర మీద తప్ప మరెక్కడా దాన్ని నేను ఉంచలేదు.

ఈ మాటను కొంచెం వివరించాలి. తెర అంటే చుక్కల బారు. చుక్కల ముగ్గు వేసేవారు ముందుగా వరుస తప్పకుండా చుక్కలు పెట్టి, ఆ తరువాత గీతలు కలుపుతారు. కంప్యూటర్ తెర మీద గీతలు వేరుగా ఉండవు, చుక్కలే ఉంటాయి. ఏ చుక్కకు ఏ రంగు అన్నదే బొమ్మ. ఈ చుక్కను పిక్సెల్ అంటారు. ప్రతి పిక్సెల్ రంగును సూచించే అంకెలను వరుసగా పేర్చి మెమొరీలో పెట్టుకుంటే అదే బిట్‌మ్యాప్. అయితే తెర ఒక్కటే, దాన్ని వాడుకునే ప్రోగ్రాములు అనేకం. ఆనాటి విండోస్ ఎక్స్‌పి వంటి వ్యవస్థలలో ఒక కిటికీ మరొక కిటికీ మీదికి వస్తే కింది చుక్కలు పై కిటికీ రంగులకు మారిపోయేవి. కింద అంతకుముందు ఏ రంగు ఉండేదో వ్యవస్థ సాధారణంగా గుర్తుపెట్టుకునేది కాదు. పై కిటికీ తొలగగానే అది కింది ప్రోగ్రాముకు ఒక కబురు పంపేది: నీ కిటికీలో ఇంత భాగం బయటపడింది, దాన్ని మళ్ళీ గీయి. ఒకే వాకిట్లో నలుగురు ముగ్గులు వేస్తూ, ఒకరి ముగ్గు మీద మరొకరు కళ్ళాపి చల్లుతూ ఉంటే ఎవరి ముగ్గును వారే తిరిగి వేసుకోవలసి వస్తుంది కదా! నా ప్రోగ్రాముకూ ఆ కబురు అందింది. ఏమి గీయాలో మాత్రం దానికి తెలియలేదు. మౌసు కదిలినప్పుడు గీత వేయడమే తప్ప, వేసినదాన్ని ఎక్కడా రాసుకోలేదు.

ఆ రాత్రి పుస్తకాలు తిరగవేస్తే, నా ముందు తరం వారు ఈ చిక్కును ఎంత కాలంగా ఎదుర్కొంటున్నారో తెలిసింది. అమెరికాలోని జెరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో 1973లో ఆల్టో అనే యంత్రం తయారైంది. తెర మీది ప్రతి చుక్కకూ మెమొరీలో ఒక్కో బిట్టును కేటాయించిన తొలి వ్యక్తిగత కంప్యూటర్లలో అది ఒకటి. దాని తెర నిలువుగా, కాగితం ఆకారంలో ఉండేది. అడ్డంగా 606, నిలువుగా 808 చుక్కలు. అంటే మొత్తం 4,89,648 చుక్కలు. చుక్కకు ఒక్క బిట్టు, నలుపో తెలుపో, చొప్పున లెక్క వేసినా 61 వేల బైట్లు దాటుతుంది. మొదటి ఆల్టోలలో ఉన్న మొత్తం మెమొరీ 1,31,072 బైట్లు. అనగా తెరను నింపడానికే యంత్రపు మెమొరీలో దాదాపు సగం ఖర్చయ్యేది! సంపాదనలో సగాన్ని ఇంటి అద్దెకే పోసే కుటుంబాన్ని ఊహించుకోండి. అంతటి ఖర్చుకు వారు సాహసించారంటే, చుక్కల బొమ్మకున్న శక్తిని వారు ముందుగానే గుర్తించారన్నమాట.

మెమొరీలో బొమ్మ ఉంటే చాలదు. దాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి వేగంగా తరలించగలగాలి. 1975 నవంబరులో అదే కేంద్రంలో డాన్ ఇంగాల్స్, ల్యారీ టెస్లర్, బాబ్ స్ప్రౌల్, డయానా మెర్రీ అనేవారు ఇందుకొక పద్ధతిని కల్పించారు. దాని పేరు బిట్‌బ్లిట్. ఒక బిట్‌మ్యాప్‌లోని దీర్ఘచతురస్రాకారపు ముక్కను ఎత్తి, మరొక బిట్‌మ్యాప్‌లో కావలసిన చోట దించడమే దాని పని. వినడానికి ఇంత సామాన్యమైన పనిని కనిపెట్టడమేమిటని మీకు అనిపించవచ్చు. కాని నేటికీ కిటికీలు, మెనూలు, అక్షరాలు, ఆటల బొమ్మలు తెర మీద కదలాడడంలో ఈ ఆలోచన ఏదో ఒక రూపంలో ఉంది. ఎత్తే చోటు తెర కావచ్చు, కాకపోవచ్చు అన్నదే ఇందులోని అసలు కీలకం. బిట్‌బ్లిట్‌కు కనిపించే బిట్‌మ్యాప్, కనిపించని బిట్‌మ్యాప్ అనే భేదం లేదు. కావున కనిపించని దానిలో తీరికగా గీసి, పూర్తయిన తరువాత కనిపించేదానిలోకి ఒక్క ఊపున దించవచ్చు.

దీన్ని చక్కగా వాడుకొన్నవారిలో బిల్ ఆట్కిన్సన్ ఒకరు. 1984 జనవరిలో వెలువడిన మ్యాకింటాష్ కంప్యూటర్‌కు ఆయన మ్యాక్‌పెయింట్ అనే చిత్రలేఖన ప్రోగ్రామును రాశారు. ఆ యంత్రపు తెర 512 అడ్డు, 342 నిలువు. మొత్తం మెమొరీ 128 కిలోబైట్లు. అంత ఇరుకులో కూడా మ్యాక్‌పెయింట్ తెరకు కనిపించని పటాలను మెమొరీలో రెండింటిని ఉంచుకునేది. ఒకదానిలో ప్రస్తుతం ఉన్న బొమ్మ, రెండవదానిలో చివరి గీతకు ముందున్న బొమ్మ. చేయి జారి తప్పు గీత పడితే రెండవ పటాన్ని తెర మీదికి దించితే చాలు, గీత పడనట్లే! గీసినదాన్ని వెనక్కు తీసుకునే ఈ సౌకర్యం ఈనాడు మనకెంతో మామూలు. దాని వెనుక దాచిపెట్టిన పాత పటం ఉందని గుర్తించేవారు తక్కువ.

ఇక నా ప్రోగ్రాము సంగతికి వస్తాను. దానిని నేను ఒక పరికరాల సంచి సాయంతో రాశాను. కిటికీ, బొత్తాము, మెనూ వంటివి ప్రతిసారీ మొదటి నుంచీ కల్పించుకోనక్కర లేకుండా ముందే తయారుచేసి పెట్టిన భాగాల సముదాయాన్ని ప్రోగ్రాము రచయితలు టూల్‌కిట్ అంటారు. నేను వాడినదాన్ని 1992లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జూలియన్ స్మార్ట్ ప్రారంభించారు. అప్పట్లో దాని పేరు డబ్ల్యుఎక్స్‌విండోస్; 2004లో డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్‌గా మారింది. ఒకసారి రాసిన ప్రోగ్రాము విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ, మ్యాకింటాష్‌లోనూ నడవాలన్నది దాని ఉద్దేశం.

ఆ టూల్‌కిట్‌లో గీయడానికి డివైస్ కాంటెక్స్ట్ అనే వస్తువు కావాలి. కుంచె, రంగులు, గీయవలసిన పలక, మూడూ కలిపి చేతికిచ్చిన పెట్టె వంటిదది. ఈ పెట్టెలు పలురకాలు. కిటికీని మళ్ళీ గీయమన్న కబురు వచ్చినప్పుడు వాడేది ఒకటి. దాని పేరు పెయింట్ డీసీ. మెమొరీలోని బిట్‌మ్యాప్ మీద గీయడానికి వాడేది ఇంకొకటి, మెమొరీ డీసీ. ఈ రెండవ పెట్టెలో పలక ఉండదు. మనమే ఒక బిట్‌మ్యాప్‌ను తయారుచేసి అందులో అమర్చాలి. అమర్చకుండా ఎంత గీసినా గాలిలో గీసినట్లే. నేను మొదట చేసిన పొరపాటు అదే. గీత గీయమని ఆదేశిస్తున్నాను, ప్రోగ్రాము కిమ్మనడం లేదు, బొమ్మ మాత్రం రావడం లేదు.

బిట్‌మ్యాప్‌ను అమర్చిన తరువాత తెరంతా నల్లగా అయింది. కొత్త బిట్‌మ్యాప్ తెల్ల కాగితం వంటిదని అనుకోవడమే నా రెండవ పొరపాటు. కొత్తగా తీసుకున్న మెమొరీలో ఏ రంగు ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వరు; ముందుగా మనమే తెలుపు పూసుకోవాలి. గోడకు సున్నం వేశాకే కదా బొమ్మలు వేసేది! మూడవది కొంచెం సూక్ష్మమైన విషయం. గీయడం పూర్తయ్యాక బిట్‌మ్యాప్‌ను మెమొరీ డీసీ నుంచి విడిపించాలి. అది ఒక పెట్టెలో బిగించి ఉండగా మరొక చోట దాన్ని వాడబోతే, కొన్ని యంత్రాలలో పనిచేసి కొన్నింటిలో చేయక, రచయితను పిచ్చివాణ్ణి చేస్తుంది.

ఆ తరువాత వ్యవహారం తేలికైంది. మౌసు కదిలినప్పుడల్లా గీత మెమొరీలోని పటం మీద పడుతుంది. మళ్ళీ గీయమన్న కబురు వచ్చినప్పుడల్లా ప్రోగ్రాము ఆ పటాన్ని బ్లిట్ అనే ఆదేశంతో కిటికీలోకి దించుతుంది. గడియారం వచ్చినా, లెక్కల యంత్రం వచ్చినా, కిటికీ కిందికి దిగి పైకి లేచినా గోదావరి చెక్కు చెదరలేదు. కిటికీని పెద్దది చేసినప్పుడు మాత్రం పటం పాత కొలతలోనే ఉండిపోయింది. దానికోసం పెద్ద బిట్‌మ్యాప్ ఒకటి కల్పించి, పాతదాన్ని అందులోకి నకలు చేయవలసి వచ్చింది.

విండోస్‌లో ఏ టూల్‌కిట్ సాయమూ లేకుండా నేరుగా రాసేవారికి ఒక విచిత్రమైన చిక్కు ఎదురవుతుంది. అక్కడ కొత్తగా సృష్టించిన మెమొరీ డీసీలో మొదట ఒకే ఒక్క చుక్క గల నలుపు తెలుపుల బిట్‌మ్యాప్ ఉంటుంది. ఆ డీసీకి సరిపోయే బిట్‌మ్యాప్ కావాలని కోరితే వ్యవస్థ అడిగినదే ఇస్తుంది: నలుపు తెలుపుల బిట్‌మ్యాప్. కష్టపడి రంగులు వేసినవారికి రంగులు మాయమై కనిపిస్తాయి. తెర తాలూకు డీసీకి సరిపోయేది కావాలని కోరవలసింది. యంత్రం మన మనసులోని మాటను వినదు, నోటి మాటనే వింటుంది.

మెమొరీలో గీయడానికి మరొక ప్రయోజనం కూడా ఉంది. తెర మీద నేరుగా గీసే ప్రోగ్రాములు కిటికీని మొదట తుడిచి, తరువాత ఒక్కొక్క భాగాన్నీ గీస్తాయి. తుడవడానికీ గీయడానికీ మధ్యనున్న క్షణకాలం ఖాళీ తెర కంటికి తగులుతుంది. బొమ్మ కదులుతూ ఉంటే ఇది సెకనుకు పలుమార్లు జరిగి మినుకుమినుకుమంటుంది. ఓ గంట చూస్తే కళ్ళు మండుతాయి. తుడవడం, గీయడం రెండూ మెమొరీలోనే ముగించి, పూర్తయిన పటాన్నే తెరకు అందిస్తే చూసేవారికి ఖాళీ కనిపించే అవకాశం లేదు. దీనికే డబుల్ బఫరింగ్ అని పేరు. జడ అల్లుకోవడం ప్రేక్షకులు చూడనక్కర లేదని మొదటే చెప్పాను.

ఈనాటి వ్యవస్థలు ఈ పనిలో కొంత భాగాన్ని తామే చేపట్టాయి. మ్యాకింటాష్‌లో 2001లో వచ్చిన ఓఎస్ టెన్ నుంచి, విండోస్‌లో 2007లో ప్రజలకు అందిన విస్టా నుంచి ప్రతి కిటికీకీ మెమొరీలో విడిగా ఒక పటాన్ని ఉంచి, అన్నింటినీ కలిపి తెరను కూర్చే పద్ధతి వచ్చింది. కాబట్టి నాటి తెల్లని దీర్ఘచతురస్రం నేటి విద్యార్థులకు అంతగా ఎదురుకాదు. అంతమాత్రాన ప్రోగ్రాము రచయితకు విముక్తి లేదు. కిటికీ కొలత మారినప్పుడు, తెర మారినప్పుడు, మళ్ళీ గీయమన్న కబురు ఇప్పటికీ వస్తుంది. ఏమి గీయాలో ప్రోగ్రాముకే తెలియాలి.

పటం నిలిచాక ఆ అమ్మాయి ఊళ్ళ పేర్లు తెలుగులో రాయాలన్నది. విండోస్ ఎక్స్‌పిలో గౌతమి అనే తెలుగు ఖతి ఉండేది. గోదావరి పాయ పేరు గల ఖతితోనే గోదావరి పటం మీద రాయడం మాకు సరదాగా తోచింది. ఆమె మొదట రాసిన పేరు శ్రీరాంసాగర్. అందులోని 'శ్రీ' మనకు ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో నాలుగు సంకేతాలు: శకారం, విరామ చిహ్నం, రేఫం, ఈకారపు గుర్తు. ఈ నాలుగింటినీ కలిపి ఒక్క ఆకృతిగా మలచి, దాన్ని చుక్కలుగా మార్చి పటం మీద దించుతుంది వ్యవస్థ. మలచిన ఆకృతులను మెమొరీలో దాచుకొని, అదే అక్షరం మళ్ళీ వచ్చినప్పుడు దాచినదాన్నే వాడుకోవడం సాధారణంగా జరిగే పని. అచ్చు కూర్చేవారు అరలలోని అక్షరాలను తీసి పేర్చినట్లు!

అయితే పేరు పటం మీద పడ్డాక ఒక ఇబ్బంది తెలిసింది. రాజమండ్రిని ఆమె కొంచెం ఎడమగా రాసింది, జరపబోతే జరగలేదు. పటంలో ఇక ఆ పేరు లేదు, నల్లని చుక్కలు మాత్రమే ఉన్నాయి. ఏది నదో, ఏది ఊరో బిట్‌మ్యాప్‌కు తెలియదు. గీతలను గీతలుగానే, అక్షరాలను అక్షరాలుగానే ఒక జాబితాలో రాసుకొని, కబురు వచ్చినప్పుడల్లా మొదటి నుంచీ గీసే పద్ధతి మరొకటి ఉంది. అందులో దేన్నైనా జరపవచ్చు. కాని వేలాది గీతలు చేరితే గీయడం నెమ్మదిస్తుంది. పటాలు, ఇంటి నమూనాలు గీసే ప్రోగ్రాములకు జాబితాయే మేలు, కుంచె పనికి బిట్‌మ్యాపే మేలు అని నా అభిప్రాయం. నేను రాసినది కుంచె ప్రోగ్రాము, ఆమె గీసినది పటం. అందువల్ల రాజమండ్రిని తెల్లరంగుతో చెరిపి, కింద చెరిగిన ఏటిగట్టును మళ్ళీ గీయవలసి వచ్చింది.

మూడవ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ పాడై అప్పటికి నెల దాటింది. యంత్రాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నేను ఎంతో శ్రమించి కాపాడిన పటం మెమొరీతోపాటే పోయింది. 640 అడ్డు, 480 నిలువు, చుక్కకు 4 బైట్లు. మొత్తం 12,28,800 బైట్లు, ఒక్కటీ మిగలలేదు. తెర కన్నా మెమొరీ నమ్మకమైనదే కాని, దాని ప్రాణం కూడా కరెంటు మీదే ఉంది.

ఈసారి ఆ అమ్మాయి నన్నేమీ అడగలేదు. మర్నాడు ఆమె వచ్చేసరికి, ప్రతి రెండు నిమిషాలకూ బిట్‌మ్యాప్‌ను ఫైలుగా డిస్కులోకి రాసే నాలుగు పంక్తులు ప్రోగ్రాములో చేర్చి ఉంచాను. ఆమె బాసర దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. ప్రదర్శనలో ఆ పటం అచ్చయి గోడకెక్కింది. దాని ఫైలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. తెరిచి పెద్దది చేసి చూస్తే పాపికొండల దగ్గర నది మలుపులన్నీ మెట్లు మెట్లుగా, చుక్క చుక్కా విడివిడిగా కనిపిస్తాయి.

అభ్యాసం

1. "అది ఎక్కడికీ పోలేదు, అసలు అది ఎక్కడా లేదు" అని రచయిత అనడంలోని ఆంతర్యాన్ని వివరించండి.
2. మ్యాక్‌పెయింట్ రెండు పటాలను మెమొరీలో ఎందుకు ఉంచుకునేది?
3. బిట్‌మ్యాప్ పద్ధతి, జాబితా పద్ధతి: ఈ రెండింటిలో మీ ఊరి పటం గీయడానికి ఏది తగినదో కారణాలతో రాయండి.
4. అడ్డంగా 1024, నిలువుగా 768 చుక్కలు గల పటానికి చుక్కకు 4 బైట్ల చొప్పున ఎంత మెమొరీ కావాలో లెక్కకట్టండి.
5. చెక్కు చెదరు, కిమ్మనకుండు, చేయి జారు: ఈ జాతీయాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.